హాంకాంగ్ ఆర్‌సెప్ దరఖాస్తు: గుంటూరు ఎగుమతిదారులు సభ్యత్వ వార్తను చదవవలసిన పద్ధతి

గుంటూరు మిర్చి యార్డులో ధరల గురించి మాట మొదలైతే అది ఊళ్లో ఆగదు. చైనా కొంటున్నదా, బంగ్లాదేశ్ నుంచి ఆర్డర్లు వస్తున్నాయా, కొలంబోలో సుంకం మారిందా అన్న ప్రశ్నల దాకా వెళుతుంది. కొన్నేళ్లుగా వీటికి కూటముల సభ్యత్వ వార్తలు కూడా తోడయ్యాయి. ప్రాంతీయ సమగ్ర ఆర్థిక భాగస్వామ్య ఒప్పందంలో, అంటే వ్యాపార వర్గాలు ఆర్‌సెప్ అని పిలిచే ఒప్పందంలో, చేరడానికి హాంకాంగ్ 2022 జనవరిలో దరఖాస్తు చేసుకుంది. ఆ వార్త వచ్చినప్పుడల్లా, దాని వల్ల మన సరుకుకు లాభమని కొందరు, నష్టమని కొందరు అంటుంటారు. అసలు అటువంటి దరఖాస్తును ఏ వరుసలో పరిశీలించాలో, ఏ కాగితం చూశాక ఒక నిర్ణయానికి రావాలో విజయవాడ, గుంటూరు ప్రాంతాల ఎగుమతిదారులకు, క్లియరింగ్ ఏజెంట్లకు, వాణిజ్యశాస్త్రం చదివే విద్యార్థులకు వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. హాంకాంగ్‌ను ప్రధాన ఉదాహరణగా తీసుకున్నాను. ఎందుకంటే అది దేశం కాదు, అయినా దరఖాస్తు పెట్టగలిగింది.

తలుపు తట్టినది ఎవరు?

వార్త చదవగానే ముందుగా తేల్చుకోవలసినది దరఖాస్తుదారుకు ఆ అర్హత ఎక్కడి నుంచి వచ్చిందన్న విషయం. ఒక ప్రాంతానికి సొంత జెండా, సొంత కరెన్సీ ఉన్నంత మాత్రాన వాణిజ్య ఒప్పందం కుదుర్చుకునే అధికారం రాదు. విదేశీ వాణిజ్యాన్ని తానే నడుపుకొనే స్వతంత్రత దానికి చట్టబద్ధంగా ఉండాలి. ప్రపంచ వాణిజ్య సంస్థను స్థాపించిన మరాకేష్ ఒప్పందం 12వ అధికరణం దీన్నే నియమంగా పెట్టింది. దాని ప్రకారం దేశాలే కాక, విదేశీ వాణిజ్య వ్యవహారాలలో పూర్తి స్వయంప్రతిపత్తి ఉన్న ప్రత్యేక కస్టమ్స్ ప్రాంతాలు కూడా సభ్యత్వం కోరవచ్చు.

హాంకాంగ్ విషయంలో ఆ అధికారం దానికి రాజ్యాంగం వంటిదైన మౌలిక చట్టంలో (బేసిక్ లా) స్పష్టంగా రాసి ఉంది. 116వ అధికరణం హాంకాంగ్‌ను ప్రత్యేక కస్టమ్స్ ప్రాంతంగా ప్రకటించింది. ‘హాంకాంగ్, చైనా’ అనే పేరుతో ఆర్థిక, వాణిజ్య రంగాలలో విదేశాలతో సంబంధాలు నెరపుకోవచ్చని, ఒప్పందాలు చేసుకోవచ్చని 151వ అధికరణం అనుమతించింది. బ్రిటిష్ పాలన కాలంలోనే, 1986లో, అది ప్రపంచ వాణిజ్య సంస్థకు ముందున్న సుంకాల, వాణిజ్య సాధారణ ఒప్పందం గాట్‌లో సొంతంగా చేరింది. 1995 జనవరి 1న ప్రపంచ వాణిజ్య సంస్థ ఏర్పడినప్పుడు వ్యవస్థాపక సభ్యులలో ఒకటి అయింది. అంతకు ముందే, 1991లో, ఆసియా పసిఫిక్ ఆర్థిక సహకార వేదిక ఎపెక్‌లో చైనాతోను, చైనీస్ తైపీ పేరుతో వచ్చిన తైవాన్‌తోను కలిసి ప్రవేశించింది. ఆ వేదికలో సభ్యులను దేశాలు అనకుండా ఆర్థిక వ్యవస్థలు అనే వ్యవహరిస్తారు. ఇటువంటి సర్దుబాటు లేకపోతే ఆ మూడూ ఒకే బల్ల ముందు కూర్చోవడం సాధ్యమయ్యేది కాదు.

పేరు విషయాన్ని చిన్నదిగా తీసిపారేయకూడదు. ప్రపంచ వాణిజ్య సంస్థలో తైవాన్ 2002 జనవరి 1న చేరింది. అక్కడ దాని అధికారిక నామం తైవాన్, పెంఘు, కిన్మెన్, మత్సు ప్రత్యేక కస్టమ్స్ ప్రాంతం. పసిఫిక్ దేశాల సమగ్ర, ప్రగతిశీల భాగస్వామ్య ఒప్పందం సీపీటీపీపీకి 2021 సెప్టెంబరు 22న పెట్టిన దరఖాస్తులోనూ అదే పేరు వాడింది. కాబట్టి ఒక వార్తాసంస్థ తైవాన్ అని, మరొకటి చైనీస్ తైపీ అని రాస్తే అవి రెండు దరఖాస్తులనుకోవద్దు. అసలు పత్రంలో ఏ పేరు ఉందో చూస్తే ఏ నిబంధన ఆధారంగా దరఖాస్తు వచ్చిందో కూడా తెలిసిపోతుంది.

అన్ని ప్రాంతాలకూ హాంకాంగ్‌కు ఉన్నంత వెసులుబాటు లేదు. కరీబియన్ కూటమి కారికామ్‌లో బ్రిటిష్ ప్రాంతమైన మాంట్‌సెరాట్‌కు పూర్తి సభ్యత్వం ఉంది. బెర్ముడా, కేమన్ దీవులు, ఆంగ్విలా వంటివి మాత్రం అనుబంధ సభ్యులుగానే ఉన్నాయి. నెదర్లాండ్స్ రాజ్యంలో భాగమైన క్యురసావ్ 2024లో అదే హోదా పొందింది. అటువంటి చోట విదేశీ వ్యవహారాలపై అధికారం ఉన్న పాలక దేశం ఎంతవరకు అనుమతించిందన్న సంగతిని దరఖాస్తుతో పాటే చదవాలి. పసిఫిక్ దీవుల వేదికలో ఫ్రాన్స్ అధీనంలోని న్యూ కాలెడోనియా, ఫ్రెంచ్ పాలినీషియా 2016లో పూర్తి సభ్యులయ్యాయి. కానీ అది ప్రధానంగా రాజకీయ సహకార వేదిక కనుక అక్కడ సభ్యత్వం దొరికితే సుంకాలు తగ్గుతాయని అనుకోనవసరం లేదు.

ఈ సందర్భంలో మన దగ్గర ఒక ప్రశ్న తరచూ వస్తుంది. ఇంత పొడవైన తీరం, ఇన్ని రేవులు ఉన్న ఆంధ్రప్రదేశ్ కూడా ఇలా ఏదైనా కూటమిలో చేరవచ్చు కదా అని విద్యార్థులు అడుగుతారు. చేరడానికి వీలులేదు. రాజ్యాంగం ఏడవ షెడ్యూలులోని కేంద్ర జాబితాలో 14వ అంశం విదేశాలతో ఒప్పందాలను, 41వ అంశం విదేశీ వాణిజ్యాన్ని, కస్టమ్స్ సరిహద్దుల నిర్ణయాన్ని, 83వ అంశం కస్టమ్స్ సుంకాలను పూర్తిగా కేంద్రానికే అప్పగించాయి. కృష్ణపట్నంలో దిగిన సరుకైనా, ముంబయిలో దిగినదైనా ఒకే సుంకం కడుతుంది. హాంకాంగ్‌కు, చైనా ప్రధాన భూభాగానికి మధ్య అలా కాదు. అక్కడ కస్టమ్స్ సరిహద్దు దేశం లోపలే ఉంది. ప్రత్యేక కస్టమ్స్ ప్రాంతమంటే ఏమిటో పరీక్షలో రాయవలసి వస్తే ఈ తేడా ఒక్కటి చూపించినా సరిపోతుంది.

ఒప్పందంలో ప్రవేశ నిబంధన

దరఖాస్తుదారుకు అర్హత ఉన్నా, ఆ కూటమి తలుపు అటువంటివారికి తెరిచి ఉండాలి. ప్రతి ఒప్పందంలోనూ చివరి అధ్యాయాలలో ప్రవేశ నిబంధన ఒకటి ఉంటుంది. వార్తలు దాన్ని ప్రస్తావించవు కనుక మనమే వెతుక్కోవాలి. ఆర్‌సెప్‌లో అది 20వ అధ్యాయంలోని 9వ అధికరణం. ఒప్పందం అమలులోకి వచ్చిన 18 నెలల తరువాత ఏ దేశమైనా, ఏ ప్రత్యేక కస్టమ్స్ ప్రాంతమైనా సభ్యుల అంగీకారంతో చేరవచ్చని అది చెబుతుంది. ఆర్‌సెప్ మీద 15 దేశాలు 2020 నవంబరు 15న సంతకాలు చేశాయి. ఆగ్నేయాసియా దేశాల కూటమి ఆసియాన్‌లోని అప్పటి 10 దేశాలు, చైనా, జపాన్, దక్షిణ కొరియా, ఆస్ట్రేలియా, న్యూజీలాండ్ వాటిలో ఉన్నాయి. ఒప్పందం 2022 జనవరి 1న అమలులోకి వచ్చింది. అంటే కొత్తవారికి తలుపు 2023 జూలై 1న తెరుచుకుంది. హాంకాంగ్ దరఖాస్తు ఒప్పందం అమలు మొదలైన నెలలోనే వచ్చినా, దానిపై ఏడాదిన్నర దాకా ముందడుగు పడకపోవడానికి ఈ గడువే కారణం. ఆ కాలంలో అక్కడి సభ్యులు హాంకాంగ్‌ను పక్కన పెట్టారని వచ్చిన వ్యాఖ్యలకు పెద్ద ఆధారం లేదు.

ఇదే నిబంధనలో మన దేశానికి ప్రత్యేకమైన మినహాయింపు ఉంది. చర్చలలో మొదటి నుంచీ పాల్గొన్న భారతదేశం 2019 నవంబరు 4న బ్యాంకాక్‌లో తాను చేరడం లేదని ప్రకటించింది. అయినా 18 నెలల నిరీక్షణ భారత్‌కు వర్తించదని, అమలు మొదలైన రోజు నుంచే చేరవచ్చని ఒప్పందంలో రాశారు. ఆ తలుపు ఇప్పటికీ తెరిచే ఉంది. చేరాలా వద్దా అన్నది వేరే చర్చ. పాడి రైతుల భయాలు, చైనా సరుకుల భయాలు ఆనాడు నిరాధారమైనవి కావని మాత్రం నా అభిప్రాయం.

ఇతర కూటముల నిబంధనలు దీనితో పోల్చి చూస్తే తేడా బాగా అర్థమవుతుంది. సీపీటీపీపీ కూడా ప్రత్యేక కస్టమ్స్ ప్రాంతాలను అనుమతిస్తుంది. ఆసియాన్ చార్టర్ 6వ అధికరణం మాత్రం ఆగ్నేయాసియాలో భౌగోళికంగా ఉండటాన్ని, సభ్య దేశాలన్నీ ఆ దేశాన్ని గుర్తించి ఉండటాన్ని షరతులుగా పెట్టింది. అందువల్ల హాంకాంగ్ ఆసియాన్‌తో వాణిజ్య ఒప్పందం చేసుకోగలిగింది కాని ఆసియాన్ సభ్యత్వం అడగలేదు, అడిగినా దొరకదు. ఐరోపాలో డెన్మార్క్ రాజ్యంలో భాగమైన ఫారో దీవులు యూరోపియన్ స్వేచ్ఛా వాణిజ్య సంఘం ఎఫ్టాలో చేరాలని చాలా కాలంగా కోరుకుంటున్నాయి. ఎఫ్టా ఒప్పందం దేశాలకు ఉద్దేశించినది కావడం వల్ల ఆ కోరిక ముందుకు సాగడం కష్టమైంది. చేపల ఎగుమతి మీద బతికే ఆ చిన్న దీవులు ఐస్‌లాండ్‌తో 2005లో విడిగా ఒప్పందం చేసుకుని ఆ లోటు కొంత పూడ్చుకున్నాయి. సభ్యత్వం దొరకని చోట ద్వైపాక్షిక ఒప్పందం ఎంత పని చేస్తుందో దీన్నిబట్టి తెలుస్తుంది. హాంకాంగ్ విషయంలో ఇదే మెలిక మళ్లీ ఎదురవుతుంది.

దరఖాస్తుకూ అమలుకూ మధ్య దూరం

పత్రికా శీర్షికలలో ‘చేరనున్న’, ‘చేరిక ఖాయం’ వంటి మాటలు దరఖాస్తు రోజు నుంచే కనిపిస్తాయి. వాస్తవానికి దరఖాస్తు అందడం, సభ్యులు దాన్ని పరిశీలనకు స్వీకరించడం, పరిశీలన బృందం ఏర్పడటం, సుంకాల మీద చర్చలు ముగియడం, సంతకం, చట్టసభల ఆమోదం, ఆమోద పత్రాన్ని సమర్పించడం, అమలు అనేవి వేర్వేరు మెట్లు. ఎగుమతిదారుకు డబ్బు రూపంలో తేడా కనబడేది చివరి మెట్టులోనే. మంత్రుల ప్రకటనలో ‘ఆసక్తిని స్వాగతిస్తున్నాము’ అని ఉంటే మర్యాదగా పలకరించారని మాత్రమే అర్థం. బృందాన్ని నియమించినట్లు రాస్తే అసలు పని మొదలైనట్లు లెక్క.

కాలవ్యవధి ఎంత ఉంటుందో పాత ఉదాహరణలు చెబుతాయి. బ్రిటన్ సీపీటీపీపీకి 2021 ఫిబ్రవరి 1న దరఖాస్తు చేసి, 2023 జూలై 16న సంతకం చేసి, 2024 డిసెంబరు 15న ప్రవేశించింది. ఆ రోజుకు కూడా పాత సభ్యులందరితోనూ అమలు మొదలు కాలేదు. అంత పెద్ద ఆర్థిక వ్యవస్థకే, రాజకీయ అడ్డంకులు పెద్దగా లేకుండానే, నాలుగేళ్లు పట్టాయి. తూర్పు తిమోర్ ఆసియాన్‌కు 2011లో దరఖాస్తు పెడితే 2025 అక్టోబరు 26న కౌలాలంపూర్‌లో 11వ సభ్యురాలయింది. చైనా, తైవాన్ సీపీటీపీపీకి ఆరు రోజుల తేడాతో దరఖాస్తులు పెట్టాయి. ఒకరిని తీసుకుంటే మరొకరి సంగతి ఏమిటన్న ప్రశ్నకు అక్కడి సభ్యులు సమాధానం చెప్పలేక, ఆ రెండింటికన్నా ఆలస్యంగా వచ్చిన కోస్టారికాతో ముందుగా చర్చలు మొదలుపెట్టారు.

కారణం ఒకటే. ఈ కూటములన్నిటిలోనూ కొత్తవారిని చేర్చుకోవడానికి ఏకాభిప్రాయం కావాలి. అందువల్ల ఎంతమంది మద్దతిచ్చారో లెక్కపెట్టడం కన్నా ఎవరు మౌనంగా ఉన్నారో గమనించడం మేలు. హాంకాంగ్‌కు ఆర్‌సెప్ సభ్యులలో జపాన్, దక్షిణ కొరియాలతో తప్ప మిగిలిన 13 దేశాలతోను ఇప్పటికే స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందాలు ఉన్నాయి. చైనా ప్రధాన భూభాగంతో 2003లోను, న్యూజీలాండ్‌తో 2010లోను, ఆసియాన్‌తో 2017లోను సంతకాలయ్యాయి. ఆస్ట్రేలియాతో కుదిరిన ఒప్పందం 2020లో అమలులోకి వచ్చింది. కాబట్టి హాంకాంగ్ వార్త చదివేవారు టోక్యో, సియోల్ ఏమంటున్నాయో ముందుగా చూడాలి. మిగిలినవారికి అభ్యంతరం చెప్పడానికి వాణిజ్య కారణాలు తక్కువ.

గుంటూరు సరుకు మీద లెక్క వేయడం

ఇక్కడ కొంచెం నిదానించాలి. యార్డులో వినిపించే పొరపాటు లెక్కలలో చాలావరకు ఈ మెట్టు దగ్గరే పుడతాయి.

సభ్యత్వం వల్ల లాభం రెండు కాగితాలలో ఉంటుంది. ఒకటి సుంకాల పట్టిక, రెండవది సరుకు ఏ దేశంలో పుట్టిందో తేల్చే మూల నియమాలు. పట్టికలో మన సరుకును హెచ్‌ఎస్ కోడ్‌తోనే, అంటే కస్టమ్స్ కోసం ప్రపంచమంతటా వాడే సరుకుల వర్గీకరణ సంఖ్యతోనే, వెతకాలి. దంచని, పొడి చేయని ఎండు మిరప 0904 21 కింద, కారం పొడి 0904 22 కింద వస్తాయి. తేజ రకమైనా, 334 రకమైనా, బ్యాడిగి రకమైనా, చివరకు రంగు పోయిన తాలు కాయ అయినా ఆ ఆరు అంకెల దగ్గర అన్నీ ఒకటే. నాణ్యతను బట్టి ధర మారుతుంది కాని సుంకం శీర్షిక మారదు.

హాంకాంగ్ స్వేచ్ఛా రేవు. మౌలిక చట్టం 114వ అధికరణం ఆ హోదాను కాపాడింది. మద్యం, పొగాకు, ఇంధన తైలాలు, మిథైల్ ఆల్కహాల్ అనే నాలుగు రకాల మీద తప్ప అక్కడ ఏ సరుకు మీదా సుంకం లేదు. ఆ నాలుగింటి మీదైనా దిగుమతి సరుకు, స్థానిక సరుకు అన్న తేడా లేకుండా వసూలు చేస్తారు. అంటే గుంటూరు మిర్చి హాంకాంగ్‌లో ఈ రోజు సుంకం లేకుండానే దిగుతున్నది. హాంకాంగ్ ఆర్‌సెప్‌లో చేరినా సున్నా సున్నాగానే ఉంటుంది. మనకు పోటీగా అక్కడికి వచ్చే వియత్నాం, థాయిలాండ్, చైనా మిరపకు కూడా ఇప్పుడే సుంకం లేదు కాబట్టి వారికి కొత్తగా కలిసివచ్చేదీ లేదు. నష్టమని భయపెట్టేవారి మాట ఇంతటితో తేలిపోతుంది.

లాభమని ఆశపెట్టేవారి మాట ఇంకొంచెం తెలివైనది. హాంకాంగ్ సభ్యురాలయ్యాక మన మిర్చిని అక్కడ దించి, వేరే సంచుల్లోకి మార్చి, ఆర్‌సెప్ రాయితీతో చైనాకో జపాన్‌కో పంపవచ్చని వారి ఊహ. మూల నియమాలు దానికి ఒప్పుకోవు. వ్యవసాయ ఉత్పత్తికి మొదటి పరీక్ష అది ఎక్కడ పండిందన్నదే. పల్నాడులో పండిన కాయ హాంకాంగ్ గిడ్డంగిలో ఆరు నెలలున్నా భారతీయ సరుకే అవుతుంది. ఏరడం, గ్రేడింగ్ చేయడం, తిరిగి ప్యాకింగ్ చేయడం, లేబుల్ అతికించడం వంటి పనులు సరుకు మూలాన్ని మార్చవని ఆర్‌సెప్ 3వ అధ్యాయం విడిగా చెప్పింది. ప్రాసెసింగ్ చేసిన సరుకులకు కొన్ని శీర్షికల కింద 40 శాతం ప్రాంతీయ విలువ జోడింపు వంటి ప్రమాణాలున్నాయి. వాటిలో లెక్కకు వచ్చేది సభ్య ప్రాంతాల ముడిసరుకే కాని, భారత్ సభ్యదేశం కానంతవరకు మన ముడిసరుకు కాదు. మూలం మార్చి చూపిన పత్రంతో సరుకు పంపితే అది కస్టమ్స్ మోసమవుతుంది. ఈ సలహా ఇచ్చే దళారిని దూరంగా ఉంచడం మంచిది.

మరి ఈ చేరిక వల్ల మారేదేమిటి? హాంకాంగ్‌లో తయారైన వస్తువులకు జపాన్, కొరియా మార్కెట్లలో రాయితీ దొరుకుతుంది. అక్కడి బ్యాంకింగ్, రవాణా, న్యాయ సేవల సంస్థలకు సభ్య దేశాలలో హామీలు పెరుగుతాయి. పెట్టుబడులకు రక్షణ నిబంధనలు విస్తరిస్తాయి. హాంకాంగ్ బ్యాంకు ద్వారా ఎల్‌సీ (చెల్లింపుకు బ్యాంకు ఇచ్చే హామీ పత్రం) తెరిచే కొనుగోలుదారులున్న మన ఎగుమతిదారుకు ఇందులో పరోక్షంగా కొంత ఉపయోగం ఉండవచ్చు కాని, టిక్కీ (మిర్చి బస్తా) ధరలో కనబడేంత ఉండదు.

అయితే అదే వరుసలో నిలబడిన మిగిలిన దరఖాస్తులను ఇంత తేలికగా తీసుకోకూడదు. ఆర్‌సెప్ సభ్యత్వానికి హాంకాంగ్ తరువాత శ్రీలంక, చిలీ, బంగ్లాదేశ్ కూడా ముందుకు వచ్చాయి. శ్రీలంక, బంగ్లాదేశ్ గుంటూరు మిర్చికి పాత మార్కెట్లు. అవి హాంకాంగ్ వంటి సున్నా సుంకం రేవులు కావు. అవి చేరితే, మిరప పండించే చైనా, వియత్నాం, థాయిలాండ్, మయన్మార్ వంటి సభ్య దేశాల సరుకుకు కొలంబోలో, చట్టోగ్రామ్‌లో క్రమంగా సుంకం తగ్గే అవకాశం ఏర్పడుతుంది. అప్పుడు మనకు మిగిలేది 2000 మార్చి 1 నుంచి అమలులో ఉన్న భారత్–శ్రీలంక స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం, దక్షిణాసియా ఒప్పందం సాఫ్టా. వాటిలో మన మిర్చి రాయితీ జాబితాలో ఉందో, మినహాయింపుల జాబితాలో ఉందో ఇప్పుడే చూసి పెట్టుకోవడం అవసరం. హాంకాంగ్ వార్తకు పెద్ద అక్షరాలు దక్కుతున్నాయి కాని, నా లెక్కలో గుంటూరు వ్యాపారి కన్ను పెట్టవలసినది కొలంబో, ఢాకా దరఖాస్తుల మీద.

ఆఫీసులో పెట్టుకోవలసిన కాగితం

ఒక్కొక్క దరఖాస్తుకు ఒక పేజీ చాలు. పైన దరఖాస్తుదారు అధికారిక నామం, దరఖాస్తు తేదీ, ఒప్పందంలోని ప్రవేశ నిబంధన సంఖ్య రాయాలి. దాని కింద ప్రస్తుతం ఏ మెట్టు మీద ఉందో తేదీతో నమోదు చేయాలి. ఆర్‌సెప్ విషయంలో ఒప్పంద పత్రాలు ఆసియాన్ ప్రధాన కార్యదర్శి వద్ద ఉంటాయి కనుక ఆసియాన్ సచివాలయం ప్రచురించే మంత్రుల సంయుక్త ప్రకటనలే ఆధారం. దరఖాస్తుదారు ప్రభుత్వం చేసే ప్రకటనలు సహజంగానే ఆశావహంగా ఉంటాయి, వాటిని రెండవ ఆధారంగా మాత్రమే తీసుకోవాలి. పేజీ అడుగు భాగంలో మన సరుకు హెచ్‌ఎస్ కోడ్, ఆ మార్కెట్‌లో మనం ఇప్పుడు కడుతున్న సుంకం, పోటీ దేశాలు కడుతున్న సుంకం రాసుకోవాలి. ఈ చివరి రెండు అంకెల మధ్య తేడా లేకపోతే ఆ దరఖాస్తును అక్కడితో వదిలేయవచ్చు. తేడా ఉంటే, లేదా చేరిక తరువాత తేడా వచ్చే వీలుంటే, గుంటూరులోని స్పైసెస్ బోర్డు కార్యాలయంలోను, విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్ డీజీఎఫ్‌టీ వద్దను విచారించి కాగితాన్ని నవీకరిస్తూ ఉండాలి.

దీర్ఘకాలపు కాంట్రాక్టు రాసేటప్పుడు, మధ్యలో సుంకం మారితే ఆ భారం లేదా ఆ లాభం ఎవరిదో ఒక వాక్యంలో తేల్చుకోవాలి. ఎఫ్‌ఓబీ (ఓడ ఎక్కించేవరకు), సీఐఎఫ్ (బీమా, ఓడ కిరాయి కలిపి) ధరలలో దిగుమతి సుంకం సాధారణంగా కొనుగోలుదారు ఖాతాలోనే ఉంటుంది. అయినా సుంకం మారగానే ధర తగ్గించమని అడగడం వ్యాపారంలో మామూలే. ఫలానా ప్రాంతం కూటమిలో చేరబోతున్నది, పోటీ సరుకు చౌకగా వస్తుంది, మీ రేటు ఇప్పుడే దించండి అని విదేశీ కొనుగోలుదారు మెయిల్ పంపితే, జవాబులో నాలుగు సంగతులు అడగాలి. ఏ ఆరంకెల కోడ్ మీద తగ్గింపు, ఈ రోజు అమలులో ఉన్న రేటెంత, ఒప్పుకున్న రేటెంత, అది ఏ సంవత్సరం నుంచి అమలవుతుంది. నాలుగో ప్రశ్నకు తేదీతో సహా జవాబు వచ్చేదాకా పాత కొటేషన్‌నే కొనసాగించాలి.